ఐదో సైజు బంతి చెప్పుకున్న కథ

నాలో ఉన్నది గాలే. చుట్టుకొలత 70 సెంటీమీటర్లు మించదు, బరువు 410 నుంచి 450 గ్రాముల మధ్య. పైన 32 ముక్కలు: 12 ఐదు మూలలవి, 20 ఆరు మూలలవి. లోపల బ్లాడరు, దానికో చిన్న వాల్వు. నా పుట్టిల్లు జలంధర్. దేశ విభజన నాడు సియాల్‌కోట్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ వేళ్లూనించిన కుట్టుపనిలోంచి పుట్టినదాన్ని. మెట్టినిల్లు పరిగి. ఇక్కడ మైదానంలో మొదటి పీట క్రికెట్‌ది, తర్వాత కబడ్డీ, వాలీబాల్. నాకు మిగిలేది పొద్దుగూకే ముందు అరగంట. ఇంత ఖాళీ దొరికితే ఎవరికైనా ఆలోచన సాగుతుంది. నా ఆలోచనంతా ఒక్కదాని చుట్టే: ఫుట్‌బాల్ క్లబ్బు ఎవరిది? కొన్నవాడిదా, ఏ ఊరి పేరు పెట్టుకుందో ఆ ఊరిదా?

పక్కనున్న తాండూరు ఈ ప్రశ్నకు కందుల విషయంలో ఎప్పుడో జవాబు చెప్పింది. 2022లో తాండూరు కందికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అక్కడి నల్లరేగడిలో పండిన గింజకే ఆ పేరు. ఎంత డబ్బున్న వ్యాపారైనా ఇంకోచోటి కందిని ఆ పేరుతో అమ్మరాదు. పేరు నేలది, గింజ రైతుది, లాభం ఎవరి కష్టాన్ని బట్టి వాళ్లది. ఫుట్‌బాల్‌లో ఇది తిరగబడింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మొదటి సీజన్‌లో అందరికన్నా కింద నిలిచి, రెండేళ్లు తిరిగేసరికి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచేసింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 అయ్యాక, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపాడు. అయితే కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడించారు. అంటే హైదరాబాద్ చాంపియన్ అయిన సీజన్‌లో సొంత మైదానం గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఆ తర్వాత జీతాల బాకీలు వార్తలకెక్కాయి. 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒకటే గెలిచింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. లీగ్‌లో ఆడే హక్కు బండెక్కింది, హైదరాబాద్ అన్న పేరు మాత్రం చెల్లని నోటులా ఇక్కడ మిగిలింది.

ఇందులో మనకూ కొంత పాలుంది. ఆ జట్టు లీగ్‌లోకి వచ్చింది పుణె జట్టు ఖాళీ చేసిన చోటులోకే. పుణె పోగొట్టుకున్నది అందుకుని చప్పట్లు కొట్టినవాళ్లకు, ఢిల్లీ అందుకున్నప్పుడు అన్యాయం అని అరిచే నైతిక బలం ఎక్కడిది? నిజమే. కాకపోతే ఇది నా వాదాన్ని బలపరుస్తుందే తప్ప తగ్గించదు. ఊరు మారడం ఇంత తేలికైతే ఎవరి ఊరూ ఎవరికీ దక్కదు. మరి నీ పుట్టుక మాటేమిటి, సియాల్‌కోట్ పని జలంధర్‌కు రాలేదా అని అడగొచ్చు. ఆ పని మనుషుల చేతుల్లో వచ్చింది. సూదీ దారం పట్టుకున్నవాళ్లే వచ్చారు. ఇక్కడ కదిలింది లైసెన్సు. టికెట్ కొని గ్యాలరీలో కూర్చున్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు.

అసలు పెద్ద అభ్యంతరం వేరే ఉంది. డబ్బు పెట్టేవాణ్ని కట్టేస్తే డబ్బు రాదంటారు. దీనికి నేను అమెరికాను చూపిస్తాను, అక్కడ రెండు రకాల అనుభవాలూ ఉన్నాయి కాబట్టి. 2005 సీజన్ ముగిశాక శాన్ హోసే జట్టును హ్యూస్టన్‌కు తీసుకెళ్లారు. ఆటగాళ్లు వెళ్లారు గాని ఎర్త్‌క్వేక్స్ అన్న పేరు, పాత రికార్డులు శాన్ హోసేకే ఉంచారు. 2008లో అదే పేరుతో కొత్త జట్టు మళ్లీ వచ్చింది. ఇది సగం న్యాయం. 2017లో కొలంబస్ జట్టును ఆస్టిన్‌కు తరలిస్తామన్నప్పుడు కథ ఇంకోలా నడిచింది. కొలంబస్ ఉన్న ఒహాయో రాష్ట్రంలో 1996 నుంచే ఒక చట్టం ఉంది: ప్రజల సొమ్ముతో లాభపడిన జట్టును తరలించాలంటే ఆరు నెలల ముందే చెప్పాలి, స్థానికులకు కొనుక్కునే అవకాశమివ్వాలి. అభిమానులు రోడ్డెక్కారు, ప్రభుత్వం కోర్టుకెక్కింది, 2019లో కొత్త యజమానులు దొరికారు, 2020లో అదే జట్టు చాంపియన్ అయింది. ఆస్టిన్‌కు కూడా 2021లో తనదైన క్లబ్బు వచ్చింది. చట్టం ఉందని పెట్టుబడి ఎక్కడికీ పారిపోలేదు. గచ్చిబౌలి స్టేడియం కూడా ప్రభుత్వానిదే. జనం సొమ్ముతో కట్టిన పచ్చిక మీద ఆడిన జట్టును ఆరు నెలల ముందు నోటీసు అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

అయితే చట్టం ఒక్కటే వేరు తొడగదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయరాదు, బలం లేని కాలితోనే తన్నాలి అంటూ పిల్లలకు షరతుల పోటీలు పెట్టేవారట. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్లి ఆడినా, ఆట నేర్చింది ఇక్కడి వీధుల్లోనే. ఆ పోలీస్ జట్టు ఉద్యోగుల జట్టు, క్లబ్బు కాదు అంటారా? అందుకే దాన్నెవరూ అమ్మలేకపోయారు. కాని 1963లో రహీం పోయాక ఆ మెరుపూ తగ్గింది. పంతుళ్లూ పిల్లల పోటీలూ లేకపోతే, తరలిపోకుండా ఉన్న జట్టు కూడా ఎండిపోతుంది.

పరిగికి ఇదంతా దేనికంటే, మన్నెగూడ, చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా పట్నం పోయే మన బస్సు అజీజ్‌నగర్ దాటుతుంది. అక్కడి డెక్కన్ ఎరీనా శ్రీనిధి డెక్కన్ జట్టుది. 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ ఆ జట్టు ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. అక్కడ ఆడేదీ నాలాంటి బంతితోనే. ఈ దారి పొడవునా ఊరికో పిల్లల జట్టుంటే దాన్ని ఎత్తుకుపోవడానికి ఏ యజమానికైనా చేతులు రావు. నాకు మాత్రం ఇప్పుడు గాలి తగ్గింది. పంపు పెట్టేవాళ్లు సూదిని కాస్త తడి చేసి గుచ్చండి, పొడి సూదితో గుచ్చితే వాల్వు చిరుగుతుంది.