పాత ఊరు, పక్కనే గుండె డాక్టరు

ఉద్యోగం ముగిసి, పిల్లలు అమెరికాలో స్థిరపడి, హైదరాబాద్ ఫ్లాటు మీద మొహం మొత్తిన పెద్దమనిషి ఒకాయన ప్రతి పెళ్లిలోనూ కనిపిస్తాడు. భోజనాల దగ్గర ఆయన మాట ఒకటే: "ఇగ సిటీల ఉండేది లేదు. మన సంప్రదాయం మిగిలిన ఊరొకటి చూసుకోవాలె." ఆ ఊరెట్లా ఉండాలో ఆయన దగ్గర పక్కా జాబితా ఉంది. గూన పెంకుల భవంతి, ముందు గద్దె, తెల్లారేసరికి సాన్పి చల్లి ముగ్గేసిన వాకిలి. బజార్లో నడుస్తుంటే ఎదురైనవాళ్లు ఆగి నమస్కారం పెట్టాలి, రాత్రి తొమ్మిదికల్లా ఊరు సద్దుమణగాలి. అయితే గుండె డాక్టరు మాత్రం పది నిమిషాల దూరంలో ఉండాలి, ఇంటర్నెట్ ఆగకూడదు. సూర్యాపేట హైవే మీద ఉందని కొట్టేశాడు. కోదాడ సగం ఆంధ్రానేనని కొట్టేశాడు. సాగర్ కాలువ, పచ్చని వరి అనుకుని చివరికి మిర్యాలగూడ మీద వేలు పెట్టాడు.

చిక్కేమిటంటే మిర్యాలగూడ పేరే పాతది, ఊరు కొత్తది. నెహ్రూ 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక, 1967లో కాలువలకు నీళ్లు వచ్చేదాకా ఈ చుట్టుపక్కల చాలామటుకు మెట్ట పొలాలే. ఎడమ కాలువ వచ్చాక మెట్ట మాగాణి అయింది, వడ్లు పండాయి, వడ్ల వెంట మిల్లులు వచ్చాయి. కోస్తా రైతులూ కాలువ వెంబడే వచ్చి స్థిరపడ్డారు. కోతలప్పుడు మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, తేమ ఎంతుందని బేరాలు, బస్తాలు మోసే హమాలీల కేకలు, వడ్లు ఉడికే వాసన, గాలిలో ఊక నుసి. ఈ ఊరికి ఆనవాయితీ అంటూ ఒకటుంటే అది ఇదే. పెద్దమనిషి దాన్ని ‘పొల్యూషన్’ అంటాడు. నుసి మాటలో ఆయనది న్యాయమే. పుట్టినప్పటినుంచీ దాన్నే పీలుస్తున్నవాళ్లు కూడా అదే మొరపెట్టుకుంటారు. కానీ వాళ్లు అడిగేది నుసి పోవాలని. ఈయన అడిగేది మిల్లే పోవాలని, అన్నంలోకి సన్నబియ్యం మాత్రం ఇక్కడివే కావాలని.

ఈ ఆశ ఆయనకు ఎక్కడ అంటుకుందో ఊహించడం కష్టం కాదు. కొడుకు కార్లో అమెరికా దక్షిణాదిలోని చార్లెస్టన్ తీసుకెళ్లి చూపించి ఉంటాడు. విశాలమైన వరండాలు, గుర్రపు బండ్లు, నిదానంగా నవ్వుతూ మాట్లాడే మనుషులు. "చూడు, వాళ్లెట్లా కాపాడుకున్నరో" అని తిరిగొచ్చాడు. ఆ వరండాలు కట్టింది కూడా చాలావరకు వరి డబ్బే. ఆ వరి పండించింది పశ్చిమ ఆఫ్రికానుంచి పట్టుకొచ్చిన బానిసలు. అంతర్యుద్ధంలో ఓడి, బానిసత్వం పోయి, పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేక ఆ ఊరు అలాగే ఉండిపోయింది. 1931లో పాత ఇళ్లను కాపాడే చట్టం వచ్చేనాటికి మిగిలిందే అందమైంది. అంటే ఆయన మెచ్చుకున్నది వ్యాపారం సల్లారిన ఊరి నెమ్మదిని. మిర్యాలగూడలో బియ్యం వ్యాపారం ఇంకా వేడిమీదుంది. మన భవంతుల కథ కూడా మరీ దూరం కాదు. నల్లగొండ జిల్లాలో ఆ దూలాల కింద వెట్టి చేసినవాళ్లే 1946 నుంచి దొరల మీద తిరగబడ్డారు. అందుకే ఎదురైనవాళ్లు ఆగి నమస్కారం పెట్టాలన్న కోరిక ఈ నేల మీద అంత అమాయకంగా వినపడదు.

నిజంగా పాతది కావాలంటే లేకపోలేదు కదా అంటారు. ఉంది. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలం శివాలయాలున్నాయి, వాడపల్లిలో కృష్ణా మూసీ కలుస్తాయి. రెండుచోట్లా ఆయన ఫోటోలు దిగాడు, కాపురం మాటెత్తలేదు. ముసలితనంలో కాస్త ప్రశాంతత కోరడం తప్పా అని మరో వాదన. తప్పేం లేదు. ప్రశాంతతను ప్రశాంతతగానే అడిగితే ఊరవతల, మిల్లులకు దూరంగా ఇల్లు దొరుకుతుంది. దానికి సంప్రదాయం అని పేరు పెట్టినప్పుడే పేచీ, ఎందుకంటే సంప్రదాయం ఊళ్లో పుష్కలంగా ఉంది, అది వేరేరకం. కొత్తగా దిగినాయన్ని కిరాణా కొట్టులో సబ్బు ఇవ్వకముందే అడుగుతారు: "ఏ ఊరు సార్? ఇంటిపేరేంది? ఎవరోళ్లు మీరు? పిల్లలకెంతొస్తది?" ప్రైవసీ లేదని ఆయన విసుక్కుంటాడు. జాబితాలోని నమస్కారమూ ఈ ఆరా తీయడమూ ఒకే తల్లి బిడ్డలు. మీరెవరో తేలితేగాని ఎంత వంగాలో తేలదు. ‘ఎవరోళ్లు’ అన్న ప్రశ్న ఎందాకా పోగలదో కులాంతర పెళ్లి చేసుకున్నందుకు 2018లో పట్టపగలు జరిగిన హత్య చూసిన ఊరికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇంత వెతుకులాటలో ఆయన భార్యను ఎవరూ అడగలేదు. ఆమె పుట్టింది అలాంటి పెంకుటింట్లోనే. చీకటితోనే లేచి పేడనీళ్లు కలపడం, వానొస్తే కారే పెంకుల కింద గిన్నెలు పెట్టడం, గద్దె మీద కూచున్న మగవాళ్లకు లోపలినుంచి పూటకిన్నిసార్లు చాయ్ అందించడం ఆమెకు బాగా తెలుసు. మిర్యాలగూడ మీద ఆమెకేం పట్టింపు లేదు. స్టేషన్ దగ్గర లిఫ్టున్న అపార్ట్‌మెంట్ అయితే రేపే వస్తానంటుంది.