గతుకు పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
గతుకులోన దిగిన కటకటమని మ్రోగు
మలుపు దిరుగ టక్కుమనును బండి
లింకు రాడ్డు బుష్షు లెవి పోయెనో చూడు
జంట మార్పకున్న జగడమగును

అవతారిక: కారు కొని నాలుగైదేళ్లయిన ఒకానొక గృహస్థు, బండి ముందువైపు చప్పుడు విని, పాటల సౌండు పెంచి కొంతకాలం నెట్టుకొచ్చాడు. చివరకు ఇల్లాలు "మీకు వినపడట్లేదా, నాకేనా?" అని అడిగాక షెడ్డుకు చేరాడు. అక్కడి మేస్త్రీ ఉపదేశమే ఈ పద్యం.

ప్రతిపదార్థం: గతుకులోన దిగినన్ = ఒక చక్రం గుంటలో పడగా; కటకటమని = తేలికగా, వరసగా; మ్రోగున్ = చప్పుడు చేయును; మలుపు దిరుగన్ = స్టీరింగు తిప్పగా; టక్కుమనును = ఒక్కపెట్టున కొట్టును; బుష్షులు = ఇనుముకూ ఇనుముకూ నడుమ ఉండే రబ్బరు దిమ్మలు; జగడము = బిల్లు దగ్గర జరిగేది.

తాత్పర్యం: చప్పుడు ఎప్పుడొస్తోందో ముందు విను. పోయిన భాగాన్ని ఆపైన వెతుకు. మార్చేటప్పుడు రెండు వైపులా మార్చు.

విశేషం: కవి ‘గతుకులోన’ అన్నాడు గాని ‘స్పీడు బ్రేకరుపై’ అనలేదు. ప్రతిభంతా ఇక్కడే ఉంది. మారుతి 800 మొదలు నేటి చిన్న కార్ల దాకా ఎక్కువ వాటికి ముందుండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్. స్ప్రింగునూ షాకబ్జరునూ ఒకే కాలుగా కూర్చిన ఈ అమరికను 1940లలో ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించాడు. కుడి ఎడమలను కలుపుతూ అడ్డంగా పోయే కడ్డీ స్టెబిలైజర్ బార్. చాలా కార్లలో దాని రెండు కొసలనూ స్ట్రట్లకు తగిలించేవే లింకు రాడ్లు. రోడ్డుకు నిండా అడ్డంగా ఉన్న స్పీడు బ్రేకరు ఎక్కితే రెండు చక్రాలూ కలిసి లేస్తాయి కనుక కడ్డీ మెలిపడదు. ఒక్క చక్రమే గుంటలో దిగితే మాత్రం కడ్డీ మెలిపడి లింకును గుంజుతుంది, లింకు కొసనున్న గుండు అరిగిన గూట్లో కొట్టుకుంటుంది. స్పీడు బ్రేకరు దగ్గర బుద్ధిగా ఉండి, గతుకుల రోడ్డు మీద మొత్తుకునే బండికి మొదటి అనుమానం లింకు రాడ్డు మీదే పెట్టాలి.

పూర్వపక్షం: ‘షాకబ్జర్లు పోయాయి సార్, రెండూ మార్చేద్దాం’ అని కొందరంటారు. అది చెల్లదు. షాకబ్జరు పోతే సాధారణంగా ఆయిలు కారిన జాడ ఉంటుంది, గుంట దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది. ఈ రెండూ కనపడకుండా అంత ఖరీదైన నిర్ణయం చేయరాదు. మరో పరీక్ష ఉంది, దీనికి పైసా ఖర్చు లేదు. గతుకుల్లో చప్పుడు వస్తుండగా బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించండి. చప్పుడు ఆగిందా, చాలావరకు తప్పు సస్పెన్షన్‌ది కాదు, వదులైన బ్రేకు ప్యాడ్లదో కాలిపర్ పిన్నులదో. డిక్కీలో జాకీ దొర్లడం లేదని కూడా తేల్చుకోవాలి. ఇటీవల పంక్చరు వేయించి ఉంటే వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో అన్నిటికన్నా ముందు చూడాలి.

‘మలుపు దిరుగ’ అన్నచోట వ్యాఖ్యాతలు తగువులాడతారు. నిలిచిన బండిలో స్టీరింగు తిప్పితే టక్కుమంటే అది స్ట్రట్ పైనున్న మౌంటు, బేరింగు. కదులుతున్న బండిలో స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటరు తొక్కినప్పుడు టకటకటక మంటే అది సస్పెన్షనే కాదు, యాక్సిల్ జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోయి ఉంటుంది. బ్రేకు కొట్టినప్పుడూ రివర్సు వేసినప్పుడూ ‘డబ్’ మనేది లోయర్ ఆర్మ్ బుష్. ఈ చప్పుడు సంగతి కవి చెప్పలేదు. ఆటవెలదిలో చోటు చాలలేదని సరిపెట్టుకుందాం.

‘చూడు’ అనే క్రియకు విధానం చెప్పాలి. ఒక్క చక్రాన్నే జాకీతో లేపితే కడ్డీ మెలిపడి లింకు బిగుసుకుపోతుంది, లూజు చేతికి దొరకదు. బండి నేల మీదో ర్యాంపు మీదో నాలుగు చక్రాలపై నిలిచి ఉండగా, లింకును పట్టుకుని ఊపి చూడాలి.

‘జంట’ అంటే ముందు సీట్లలోని భార్యాభర్తలనీ, అందుకే జగడమనీ ఒక వ్యాఖ్యానం ఉంది. రసవంతమే గాని అగ్రాహ్యం. షాకబ్జర్లను జంటగానే మార్చాలి. లింకులను కూడా జంటగా మార్చడం మంచిది, ఒకటి అరిగితే రెండోది వెనకే ఉంటుంది. బుష్ బోల్టుల సంగతి మాత్రం మేస్త్రీకి తప్పక గుర్తుచేయండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దించాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి.

మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నవాడు వ్యాఖ్యాత మల్లినాథసూరి. జాబ్ కార్డు రాసేవారికి కూడా ఆ నియమం ఉండాలని నా మనవి. ఉత్త లింకు రాడ్లు మార్చినందుకు అలైన్‌మెంట్ ఛార్జీ వేస్తే అది ప్రక్షిప్తం, కొట్టేయమనండి. లోయర్ ఆర్మో, టై రాడ్ ఎండో, స్ట్రట్టో విప్పితే అది మూలంలోదే, ఇచ్చేయండి. బాల్ జాయింటులో లూజు ఉందని తేలితే మాత్రం బేరాలు మాని బండిని అక్కడే వదిలేయండి. అది ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా లాభం ఉండదు.