ఎన్ని పళ్ళ మనసు?

పశువుల సంతలో దళారీ గిత్త మూతి పట్టుకుని, పెదవి పైకెత్తి, ఒక్క చూపులో చెప్పేస్తాడు: పాలపళ్ళు, రెండు పళ్ళు, ఆరు పళ్ళు. బండలాగుడు పోటీల్లో విభాగాలూ ఆ లెక్కనే. మన జువెనైల్ జస్టిస్ బోర్డులకు అంతకంటే గొప్ప విద్య అప్పగించారు. అవి మనసు పళ్ళు లెక్కపెట్టాలి.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం, 15వ సెక్షన్. 16 నిండి 18 నిండని కుర్రాడి మీద ఘోర నేరం మోపారనుకోండి. ఘోరమంటే కనీస శిక్షే ఏడేళ్ళో ఆ పైనో ఉన్నది. ఆ పని చేసే సత్తా వాడి ఒంటికీ మనసుకూ ఉందా, ఫలితం ఏమవుతుందో తెలుసా అని మూడు నెలల్లో బోర్డు ‘ప్రాథమిక అంచనా’ వేయాలి, వాణ్ణి పెద్దవాడిగా విచారించాలా వద్దా తేల్చడానికి. పేరులోనే నిజం చెప్పారు, అంచనా! ఇది విచారణ కాదని చట్టమే అంటుంది. వాడు నేరం చేశాడో లేదో ఇంకా తేలలేదు. చేసిన వేళకు వాడి మనసు ఎంత ముదిరిందో మాత్రం ముందే తేలిపోవాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ కుర్రాడికే ఓటు లేదు. పొలం కాగితం మీద సంతకం చెల్లదు. పెళ్ళికి 21 నిండాలి. అన్నిటికీ చాలని బుద్ధి కోర్టు బోనుకు మాత్రం భేషుగ్గా సరిపోతుంది.

ఇంత ముదురుతనం ఎప్పుడొచ్చిందంటారా? నిర్భయ కేసులోని బాలుడు మూడేళ్ళు ముగించుకుని 2015 డిసెంబర్ 20న బయటికొచ్చాడు. 22న రాజ్యసభ ఈ బిల్లు ఆమోదించింది. ఆ రెండు రోజుల్లో దేశంలోని పదహారేళ్ళ పిల్లలంతా ఎంత ఎదిగిపోయారో! 2022లో సుప్రీంకోర్టు, ఈ అంచనా సున్నితమైన పని, మార్గదర్శకాలు ఉండాలంది. ఆరేళ్ళు కొలిచాక గుర్తొచ్చిందన్నమాట, చేతిలో కొలబద్ద లేదని.

2024లో పుణెలో పోర్షే కారు గుద్ది ఇద్దరు చనిపోయారు. నడిపాడన్న కుర్రాడికి 17. బెయిలు షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం. దేశమంతా భగ్గుమంది. పోలీసులు వాణ్ణి పెద్దవాడిగా విచారించమన్నారు, 2025లో బోర్డు కుదరదంది. నన్నడిగితే వ్యాసం రాయించడం కంటే మనసును తూకం వేయడమే పెద్ద నవ్వులాట. ఆ కేసులోనే రక్తం నమూనా మార్చారన్న ఆరోపణపై డాక్టర్లు అరెస్టయ్యారు. అక్కడ మనసు వయసు ఎవరూ అడగలేదు. అవి పళ్ళు అరిగిన మనసులు కదా.

పెద్దవాడిగా శిక్ష పడ్డ కుర్రాణ్ణి 21 నిండేదాకా వేరే చోట ఉంచుతారు. అప్పుడు మళ్ళీ మూతి పట్టుకుని చూస్తారు, మారాడా లేదా అని. సంతలో దళారీకి కనీసం ఒక భయం ఉంది. ఆరు పళ్ళ గిత్తను రెండు పళ్ళదని అంటగడితే, వచ్చే సంతకు కొన్నవాడు వెతుక్కుంటూ వస్తాడు.