ఓటు చవాన్‌కే!

మాది నాందేడ్ జిల్లా భోకర్. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. ఓటు దగ్గర మాత్రం ఏ భాషలోనైనా కాంగ్రెసే. కాడెద్దులు పోయి ఆవుదూడ, ఆవుదూడ పోయి చెయ్యి వచ్చినా మా తాత తొణకలేదు. ఆయనకు శంకర్‌రావు చవాన్ ఎంతో, మా బాపుకు ఆయన కొడుకు అశోక్ చవాన్ అంత.

అలాంటిది 2024 ఫిబ్రవరి 13న అశోక్ చవాన్ బీజేపీలో చేరారు. టీవీ చూస్తున్న బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇగ నేను మనిషి దిక్కుండాల్నా, గుర్తు దిక్కుండాల్నా?" అన్నాడు. పాపం, ఆయన గోడ దూకలేదు. గోడే ఆయన్ని దూకింది.

మా అన్నది వేరే కథ. 2023 ఫిబ్రవరి 5న నాందేడ్‌లో కేసీఆర్ సభకు వెళ్లి గులాబీ కండువాతో తిరిగొచ్చాడు. రైతుబంధు మనకూ వస్తదని రాత్రంతా ఎవర్నీ పడుకోనివ్వలేదు. డిసెంబరులో కేసీఆర్ పార్టీ తెలంగాణలోనే ఓడిపోయేసరికి కండువా వంటింటికి చేరింది. వదిన దాంతో జొన్నరొట్టెల పెనం దింపుతోంది.

2024 ఏప్రిల్ 26న లోక్‌సభ పోలింగ్. కమలమని బయల్దేరిన అన్న చెయ్యికి గుద్ది వచ్చాడు. బాపు నోరు విప్పలేదు. అవ్వ మాత్రం, "నేను చవాన్‌కే ఏసిన" అంది. బాపు పొంగిపోయాడు. కాంగ్రెస్ అభ్యర్థి వసంతరావు కూడా చవానేనని ఆయనకు అన్నం తినేటప్పుడు గుర్తొచ్చింది. ఆ చవాన్ 59,442 ఓట్లతో గెలిచారు.

ఆగస్టులో వసంతరావు కన్నుమూశారు. నవంబరు 20న ఉపఎన్నిక, అసెంబ్లీ ఎన్నిక ఒకే రోజు పెట్టారు. ఈలోగా బీజేపీ కూటమి 'మహాయుతి' సర్కారు తెచ్చిన 'లాడ్కీ బహీణ్' పథకం కింద వదిన ఖాతాలో నెలకు 1,500 రూపాయలు పడసాగాయి. "ఎవలకేస్తవమ్మా?" అని బాపు ఆరా తీశాడు. "మీరెవలకేస్తున్రు మామా?" అంది వదిన. బాపు టీవీ సౌండు పెంచాడు.

పోలింగ్ రోజు బూత్‌లో రెండు మిషన్లు. లోక్‌సభకు తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం. గులాబీ కనబడగానే అన్న కళ్లు కేసీఆర్ కారు గుర్తును వెతికాయట. అసెంబ్లీకి అశోక్ చవాన్ కూతురు శ్రీజయది కమలం. లోక్‌సభకు వసంతరావు కొడుకు రవీంద్రది చెయ్యి. బాపు ముఖం వెలుగుతూ బయటికొచ్చాడు. అవ్వ మాట మార్చలేదు: "రెండిట్లనూ చవాన్‌కే."

నాందేడ్ లోక్‌సభ కింది ఆరు అసెంబ్లీ స్థానాలూ మహాయుతికే పోయాయి. లోక్‌సభ మాత్రం 1,457 ఓట్లతో కాంగ్రెస్‌కు దక్కింది. ఒకే రోజు, ఒకే ఓటర్లు, ఇదెలా అని ఊరంతా బుర్ర గోక్కుంది. మా ఇంటికొచ్చి అడిగితే అవ్వ చెప్పేది.

ఇక నుంచి ప్రతి ఎన్నికకూ మనిషికొకటి, గుర్తుకొకటి రెండేసి మిషన్లు పెట్టాలని ఎన్నికల సంఘానికి అర్జీ రాయమంటున్నాడు బాపు. మూడోది కూడా అడగమంది వదిన. ఎందుకో చెప్పదు.