సముద్రం లేని బ్రూస్‌పేటలో ఓడల బేరం

బళ్ళారి నుంచి తూర్పుకు పోయినా పడమరకు పోయినా సముద్రం కనబడాలంటే మూడు వందల కిలోమీటర్లకు పైగా రోడ్డు అరగదీయాలి. ఊరికి తెలిసిన పెద్ద నీరు తుంగభద్ర ఒక్కటే. 2021లో జిల్లాను చీల్చి విజయనగర జిల్లా చేసినప్పుడు హోసపేటతో పాటు ఆ నది మీది డ్యామ్ కూడా అటే పోయింది. కొళాయి వచ్చే రోజు కోసం ఇంటింటా డ్రమ్ములు వరసపెట్టుకుని కూచునే జనం మనం. అలాంటి ఊళ్ళో, అందులోనూ బ్రూస్‌పేటలో, పెద్దమనుషుల నిద్ర చెడగొడుతున్న తాజా సమస్య ఏమిటయ్యా అంటే: మొదటిసారి క్రూజుకు పోయేవాళ్ళు ఏ లగ్జరీ ఓడ ఎక్కాలి?

నవ్వకండి. ఈ ఊరు గొప్పలు చూసిన ఊరు. ఇనుపరాయికి చైనాలో గిరాకీ ఉన్న రోజుల్లో ఇక్కడి ఆకాశంలో సొంత హెలికాప్టర్లు తిరిగాయి. 2011లో సుప్రీంకోర్టు గనులకు తాళం వేశాక హెలికాప్టర్లు దిగాయి కానీ, వాటిని చూడ్డానికి ఎత్తిన తలలు మాత్రం దిగలేదు. దుబాయి పోయిరావడం ఒకప్పుడు ఘనత. ఇప్పుడు జీన్స్ కుట్టించే ఆసామీ పోయొచ్చాడు, ఆయనకు జిప్పులూ గుండీలూ సరఫరా చేసే ఆయనా పోయొచ్చాడు. పక్కింటివాళ్ళు సింగపూరు నుంచి తెచ్చిన చాక్లెట్లు పంచిపెట్టాక మనమూ సింగపూరే పోతే ఏం మర్యాద? నేల మీద గొప్పలన్నీ అయిపోయాయి. ఇక నీళ్ళ మీద పడాల్సిందే.

ఈ అవసరం కనిపెట్టిన ట్రావెల్ ఏజెంట్లు సలహాల దుకాణం తెరిచారు. సలహా ఉచితం. ఏసీ గది, బాదం పాలు, గోడ మీద తెర, తెర మీద నీలం నీళ్ళు, నీళ్ళ మధ్య తెల్లటి మేడ. “అన్నా, మీరు ఫస్ట్ టైం పోతాండారు. మామూలు ఓడ ఎక్కితే క్రూజంటే ఏందో తెలీకుండానే వెనక్కొస్తారు. లగ్జరీనే తీసుకోండి” అంటాడు ఏజెంటు. సరే, మామూలు ఓడ ఏదో చూపించు నాయనా అని అడగండి. అతని దగ్గర మామూలు ఓడ ఒక్కటీ ఉండదు. ముంబయి నుంచి గోవా పోయేదీ లగ్జరీయే, సింగపూరు నుంచి పెనాంగు పోయేదీ లగ్జరీయే, మయామీలో ఏడు వేల మందిని ఎక్కించుకునేదీ లగ్జరీయే. ఏది ఎంచుకోవాలో చెప్పడానికి గంట సేపు మాట్లాడతాడు. ఆ గంటలో ఒక ఓడకూ ఇంకో ఓడకూ తేడా ఏమిటో ఒక్క ముక్క ఉండదు.

ఆ తేడా బ్రహ్మవిద్యేమీ కాదు. ఓడ ఎంత పెద్దది, అందులో ఎంతమందిని కుక్కుతారు, ఈ రెండంకెలు చాలు. మన తీరం వెంట తిరిగే కార్డీలియా వారి ఎంప్రెస్ 1990లో ఫ్రాన్సులో తయారైన ఓడ. నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో రాయల్ కరీబియన్ వారి దగ్గర పుట్టి, మూడు దశాబ్దాలు పరాయి సముద్రాల్లో తిరిగి, 2021లో మన దగ్గర రెండో ఉద్యోగంలో చేరింది. టన్నేజీ 48 వేల పైచిలుకు, ఎక్కేవాళ్ళు 1,800 దాకా. సిల్వర్‌సీ వారి సిల్వర్ నోవా 2023లో వచ్చింది. టన్నేజీ 54 వేల పైచిలుకు, ఎక్కేవాళ్ళు 728 మంది. చూడబోతే కాస్త అటూ ఇటూగా ఒకే కొలత ఓడలు. ఒకదానిలో జనం రెండోదానికి దాదాపు రెండున్నర రెట్లు. ఎంప్రెస్ చెడ్డదని నేననడం లేదు. జైన భోజనం కూడా అడిగి పెడుతుంది, గోవా దాకా తీసుకెళ్ళి తీసుకొస్తుంది, మధ్యతరగతికి అందే ధరకు సముద్రం చూపిస్తుంది. ఈ రెండింటికీ ఒకే బోర్డు తగిలించి, వాటి మధ్య ‘ఎంపిక’లో సాయం చేస్తానంటున్నాడే, ఆ పెద్దమనిషితోనే నా పేచీ. 2024 జనవరిలో బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 365 మీటర్ల పొడవు, 20 అంతస్తులు, పడకలన్నీ నిండితే 7,600 మంది. జారుడుబల్ల దగ్గర క్యూ, తిండి దగ్గర క్యూ, లిఫ్టు దగ్గర క్యూ. క్యూలో నిలబడ్డానికి రేషను షాపు ఉండగా అట్లాంటిక్ దాకా ఎందుకో.

“అంతా అందులోనే అన్నా, జేబులో చెయ్యి పెట్టే పనే లేదు.” ఈ మాటలో అబద్ధం లేదు. జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు, చేతిలో కార్డు పెడతారు. గీకినప్పుడల్లా ఖాతాలో రాసుకుంటారు, చివరి రోజు పొద్దున గది తలుపు సందులోంచి చిట్టా లోపలికొస్తుంది. వైఫై వేరు, మందు వేరు, కాస్త మంచి రెస్టారెంటులో కూచుంటే వేరు, రేవులో దిగి బస్సెక్కితే వేరు. బక్షీసు మన ఇష్టం అనుకునే అమాయకులకు ఒక మాట: పెద్ద అమెరికన్ కంపెనీల ఓడల్లో బక్షీసు తలకు రోజుకు దాదాపు 18 డాలర్ల చొప్పున వాళ్ళే ఖాతాలో వేసేస్తారు. ఇంటిల్లిపాదీ నలుగురు నాలుగు రాత్రులు ఉంటే ఒక్క బక్షీసే 288 డాలర్లు, అంటే పాతిక వేల రూపాయల దరిదాపు. నిజంగా అన్నీ కలిపి అడిగే ఓడలు లేకపోలేదు. వాటి ధర మొదటే కళ్ళు తిరిగేటట్టు ఉంటుంది కాబట్టి ఏజెంటు ఆ పేజీ తిప్పడు.

గది సంగతికొస్తే ఇంకా వినోదం. మన పెద్దమనిషి అడిగేది ఒకటే: అన్నిటికంటే పై అంతస్తు, అన్నిటికంటే ముందు గది. పెళ్ళిలో ముందు వరస కుర్చీ అలవాటు మరి. కానీ ఓడ ఊగేటప్పుడు ఎక్కువ ఊగేది పై అంతస్తులే, ఎక్కువ ఎగిరిపడేది ముక్కు భాగమే. కింది అంతస్తులో, నడిమధ్యన, కిటికీ కూడా లేని చౌక గదిలో పడుకున్న గుమాస్తా హాయిగా గుర్రు పెడుతుంటాడు. లక్షలు పోసి పై సూటు తీసుకున్న ఆసామీ సంచీలో మొహం పెట్టుకుని, ఊరి గుట్ట మీద వెలిసిన దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలుస్తుంటాడు. సముద్రానికి హోదాలు తెలీవు. మొదటిసారి పోయేవాళ్ళకు చెప్పాల్సిన మొదటి మాట ఇది. ఏ బ్రోచరులోనూ ఇది కనబడదు, ఎందుకంటే ఈ మాట చెబితే ఖరీదైన గదులు అమ్ముడుపోవు.

ఇంతకీ ఓడ ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. 2022 జూన్‌లో చెన్నై, విశాఖ చుట్టి వచ్చిన ఎంప్రెస్‌కు పుదుచ్చేరిలో జనాన్ని దించే అనుమతే దొరకలేదు. టికెట్టు వెనక సన్నటి అక్షరాల్లో రేవులు మారవచ్చని రాసే ఉంటుంది. అసలు ఎక్కడికీ పోని క్రూజులు కూడా ఉన్నాయి. శుక్రవారం ముంబయిలో బయల్దేరి, ఒడ్డు కనుమరుగయ్యాక కాసినో తెరిచి, నడి సముద్రంలో చక్కర్లు కొట్టి ఆదివారానికి మళ్ళీ ముంబయికే. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ మన తుంగభద్ర పుట్టీలను చూసి రాసిపెట్టాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయట, లోపల బెత్తం, పైన తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, ఎద్దులూ గుర్రాలూ కూడా ఎక్కుతాయి, తెడ్డు వేస్తే తిన్నగా పోకుండా గిర్రున తిరుగుతూనే సాగుతాయి. తిరుగుతూ తిరుగుతూ అయినా అవతలి ఒడ్డుకు చేర్చేవి పాపం. వారాంతపు క్రూజు ఆ పని కూడా పెట్టుకోదు.

ఒక్క విషయంలో మాత్రం నవ్వు రాదు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజు ఓడ బండను గీరుకుని ఒరిగిపోయినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, ఏ మెట్ల మీదుగా ఎక్కడికి పోవాలో ఇంకా చూపించనే లేదు. 24 గంటల్లోగా చూపిస్తే చాలని అప్పటి నియమం. 32 మంది పోయారు. ఆ తర్వాతే, ఓడ కదలకముందే లేదా కదిలిన వెంటనే కసరత్తు జరగాలని నియమం మార్చారు. మన గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటు పేరు రాయల్ వశిష్ట. 77 మంది ఎక్కితే 26 మంది బయటపడ్డారు. పేరులో రాజసం ఉంది, ఒంటి మీద జాకెట్లు చాలామందికి లేవు. ఇప్పుడు మన బ్రూస్‌పేట బృందం ఓడెక్కగానే చేసే మొదటి పని ఏమిటి? కసరత్తుకు గంట మోగితే “అదంతా పిల్లోళ్ళకప్పా” అని బఫే వైపు నడవడం.

సేవల గురించి ఏజెంటు గొంతు మెత్తబడుతుంది. “చిటికేస్తే వస్తారన్నా.” వస్తారు. ఎవరు వస్తారో కూడా చెప్పాలి కదా. 2020 ఫిబ్రవరిలో కరోనా సోకిన డైమండ్ ప్రిన్సెస్‌ను జపాన్‌లో యోకొహామా రేవులో నిలిపేసినప్పుడు అందులో మన దేశస్థులు 138 మంది ఉన్నారు. వాళ్ళలో ప్రయాణికులు ఆరుగురు. మిగతా 132 మంది సిబ్బంది: వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, పక్కలు వేసేవాళ్ళు, ఇంకా అలాంటివాళ్ళు. ప్రయాణికులు గదుల్లో బందీలై ఉంటే గది గదికీ భోజనం మోసింది వీళ్ళలాంటి సిబ్బందే. ఓడ పనివాళ్ళ కోసం 2006లో చేసుకున్న అంతర్జాతీయ ఒడంబడిక వారానికి కనీసం 77 గంటల విశ్రాంతి ఇవ్వాలంటుంది. వారానికి ఉండేవి 168 గంటలు. మిగిలినవి లెక్కపెట్టుకోండి, ఆ తర్వాత చిటిక వేయండి.

అన్నిటికంటే పెద్ద తమాషా ఇంకోటుంది. నిజమైన లగ్జరీ ఓడను తెచ్చి బ్రూస్‌పేట ముందు ఉచితంగా నిలబెట్టినా మనవాళ్ళు రెండో రోజుకు దిగిపోతారు. అక్కడ జనం ఉండరు. భోజనాల గదిలో చెంచా చప్పుడు కూడా వినపడదు. మైకు ఉండదు. పిన్నమ్మ కూతురి సంబంధం గురించి నాలుగు బల్లల అవతలికి కేకేసి చెప్పే వీలు ఉండదు. మనవాళ్ళు కోరుకునేది కల్యాణ మండపం: యాభై మంది చుట్టాలు, హౌసీ ఆట, అంత్యాక్షరి, అర్ధరాత్రి దాకా డీజే, పొద్దున్నే ఇంటి నుంచి తెచ్చుకున్న గురెళ్ళ పొడి డబ్బా టేబుల్ మీద. అది కోరుకోవడంలో తప్పేముంది? నాకూ అదే ఇష్టం. ఆ సంబరానికి సరిపోయే ఓడలు, మనిషికి కాస్త తక్కువ చోటు ఇచ్చి కాస్త తక్కువ డబ్బు తీసుకునేవి, ముంబయి నుంచీ చెన్నై నుంచీ తిరుగుతూనే ఉన్నాయి. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. మండపాన్ని మండపం ధరకు అమ్మితే ఎవరికీ బాధ లేదు. దాన్ని మైసూరు ప్యాలెస్ అని చెప్పి, అందులోనూ ఊగే గదిని ఎక్కువ ధరకు అంటగట్టడం దగ్గరే వస్తుంది తంటా.

ఈ ముక్కే ఒక ఏజెంటుతో అన్నాను. బోర్డు మీద ఉన్నదున్నట్టు రాయవయ్యా: నీళ్ళ మీద కల్యాణ మండపం, మూడు రాత్రులు, ఉగ్గాని దొరక్కపోవచ్చు, బక్షీసు అదనం, వాంతులు వచ్చేవాళ్ళు కింది గది తీసుకోండి. “అట్ల రాస్తే జనం రారన్నా?” అని అడిగాడు. ఎందుకు రారు, రెండింతలు వస్తారు అన్నాను. అతను కాసేపు ఆలోచించి, “వస్తారు గానీ, ఎక్కొచ్చినంక పక్కింట్లో ఏమని చెప్పుకుంటారు?” అన్నాడు.