ఆ సెన్సర్ మంచిదే

ఆ డ్రైవరు మొదటి రోజే అంతా చెప్పాడు. నేనే చెవిన పెట్టలేదు.

"అన్నా, భద్రాచలం దాకా బాగానే వస్తది. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు బండి గుంజదు. అప్పుడే ఇంజన్ లైటు పడతది. పైకెక్కినంక కాసేపు ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ గుంజుతది. లైటు మాత్రం పోదు."

అతను ఇంకా చెప్తూనే ఉన్నాడు, నేను స్టీరింగ్ కింద స్కానర్ పెట్టేశాను. పీ 0325 అని వచ్చింది. నాక్ సెన్సర్ సర్క్యూట్. "సెన్సర్ పోయింది తమ్మీ" అన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. మెకానిక్ చేతిలో మిషన్ ఉన్నప్పుడు బండివాడు ఏం మాట్లాడతాడు?

శ్రీరామనవమి దగ్గర పడుతోంది. భద్రాచలం మిథిలా స్టేడియంలో కల్యాణం చూడటానికి వచ్చే జనంతో మా దిక్కు పసుపు బోర్డు బండ్లకు ఊపిరాడని రోజులవి. సంవత్సరంలో నాలుగు డబ్బులు మిగిలేది అప్పుడే. ఆ సంగతి నాకు తెలుసు. పాల్వంచలో హైవే పక్కన షెడ్ పెట్టుకున్నవాడికి తెలియకుండా ఉంటుందా? అయినా కొత్త సెన్సర్ తెప్పించి, దానికోసం బండిని నిలబెట్టాను.

నాక్ సెన్సర్ చిన్న వస్తువు. ఇంజన్ బ్లాకుకు ఒక్క బోల్టుతో బిగించి ఉంటుంది. లోపల ఒక స్ఫటికం. నొక్కితే, అదిరితే కరెంటు పుట్టించే గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఆ గుణమే దీనికి ఆధారం. సిలిండర్లో పెట్రోలు సమయం తప్పి అంటుకుంటే బ్లాకు ఒక రకంగా అదురుతుంది. సెన్సర్ ఆ అదురును ఇంజన్ కంప్యూటరుకు, అంటే ఈసీఎంకు పంపితే, అది స్పార్కును కొంచెం వెనక్కి జరుపుతుంది. మా ఉస్తాద్ రోజుల్లో ఈ పని చెవి చేసేది. ఎక్కుడులో ఇంజన్ టకటకమంటే ఆయన బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పేవాడు. పెట్రోల్లో అప్పుడు సీసం కలిపేవారు. ఆ టకటకను, అంటే నాకింగ్‌ను, సీసపు మందు ఆపుతుందని అమెరికాలో 1921లో కనిపెట్టారు, మన దేశంలో 2000లో అది పూర్తిగా పోయింది. ఉస్తాద్ చెవి నాకు రాలేదు, స్కానర్ వచ్చింది. రెండూ ఉండాల్సిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ కోడ్ సెన్సర్ చచ్చిందని చెప్పదు. సెన్సర్, దాని ప్లగ్గు, అక్కడి నుంచి ఈసీఎం దాకా వెళ్లే తీగ, ఆ దారిలో ఎక్కడో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. సెన్సర్ మాట వినపడకపోతే ఈసీఎం భయపడి, ఇంజన్ పాడవకూడదని స్పార్కును బాగా వెనక్కి లాగేస్తుంది. అందుకే ఘాట్‌లో బండి గుంజలేదు. ఇదంతా నాకు తెలియంది కాదు. తెలిసి కూడా కోడ్ చూడగానే కొత్త సామాను కొనిపించాను. పైగా దాన్ని వాషరేసి, చేతి అంచనాతో బిగించాను. సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్ రెంచ్‌తో, తుడిచిన బ్లాకు మీద, వాషర్ లేకుండా బిగించాల్సిన వస్తువది. బిగింపు తేడా వస్తే దాని వినికిడే మారిపోతుంది.

బండి వెళ్లింది, అదే జబ్బుతో తిరిగొచ్చింది. ఈసారి పెట్రోలును తిట్టాను. "ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు కదా, అందుకే" అన్నాను. ఇథనాల్ నాకింగ్‌ను తగ్గిస్తుందే గానీ పెంచదు. నేనన్నది శుద్ధ తప్పు. అతను నమ్మాడు. భద్రాచలంలో బంకు మార్చి చూశాడట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

తీగ చూడలేదా అంటే, చూశాను. షెడ్‌లో, చల్లటి ఇంజన్ మీద, బ్యాటరీ తీసి, ఈసీఎం ప్లగ్గు ఊడదీసి, రెండు చివర్ల మధ్య మీటర్ పెట్టాను. తీగ తెగలేదని చూపించింది. చాలనుకున్నాను. తీగను కదపలేదు. ఇంజన్ బరువు లాగేటప్పుడు మౌంటింగ్‌ల మీద ఒక పక్కకు ఒరుగుతుందన్న ఆలోచనే రాలేదు. అతను చెప్పిందంతా అదే. ఎక్కేటప్పుడు, బరువు మీద, అప్పుడే.

చివరికి అతని పక్కన కూర్చొని ఘాట్ ఎక్కాను. లైటు పడ్డచోటే ఆపమన్నాను. బానెట్ ఎత్తి, ఇంజన్ నుంచి బాడీ వైపు దాటే చోట ఆ తీగల కట్ట పట్టుకుని చూశాను. బాడీకున్న ఇనుప బ్రాకెట్ అంచు మీద అది వేలాడుతోంది. పై తొడుగు చిరిగింది. దాని కింద అల్లిన రాగి జాలీ నలిగి, వానాకాలం తడికి పచ్చబడింది. జాలీ లోపలి తీగ ఒకచోట బియ్యపు గింజంత మేర తేలి ఉంది. మీటర్ ఒక కొస దానికి, ఇంకోటి బాడీకి పెట్టి కట్టను అటు ఇటు కదిపాను. ఒరిగినప్పుడల్లా బాడీకి తగులుతోంది. మీటర్ కూసింది.

ఆ కట్టను బ్రాకెట్‌కు దూరంగా పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటుండాలి. అది లేదు. అంతకుముందు వేసవిలో ఇదే బండి మ్యానిఫోల్డ్ విప్పినప్పుడు ఆ క్లిప్పు విరిగింది నా చేతిలోనే. ఒక్క క్లిప్పే కదా అని వదిలేసి బిగించాను. అడవి రోడ్డు గుంతల్లో కుదిపిన ప్రతిసారీ ఆ అంచు తీగను కోస్తూనే ఉంది. అక్కడే, ఘాట్ మలుపులో, అతనికి ఆ మాట చెప్పాను. కాసేపు బండి వైపు చూసి, "ముందు బాగు చెయ్యన్నా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

మెలేసి టేపు చుట్టే అలవాటు నాకుంది. ఇక్కడ ఆ పని చెయ్యలేదు. సెన్సర్ నుంచి వచ్చే కరెంటు అతి సన్నం. పక్కనున్న ఇగ్నిషన్ కాయిల్ తీగల గోల అందులో కలవకుండా ఆపేది ఆ జాలీయే. అందుకే జాలీ ఉన్న తీగే తెచ్చి, పాడైన ముక్క తీసి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. జాలీని అసలున్నట్టే ఒక్క చివరే ఎర్త్‌కు కలిపాను. కొత్త క్లిప్పు పెట్టాను. సెన్సర్‌ను వాషర్ తీసి, రెంచ్‌తో మళ్లీ బిగించాను. అదే ఘాట్ మళ్లీ ఎక్కించి చూశాం. లైటు పడలేదు.

పండగ దాటిపోయింది. పోయిన కిరాయిలు నేను ఇవ్వలేను. సెన్సర్ డబ్బులు, చేసిన కూలీలన్నీ లెక్కేసి అతని చేతిలో పెట్టాను. కొన్నచోట వాపసు తీసుకోలేదు, కరెంటు సామాను ఎవరూ తీసుకోరు. పాత సెన్సర్ అప్పటికింకా డబ్బాలోనే ఉంది. దాన్ని ఒక పాత బ్లాకుకు బిగించి, మీటర్‌ను ఏసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, పక్కన చిన్న సుత్తితో తట్టాను. ప్రతి దెబ్బకూ రీడింగ్ లేచింది. దాని మీద "పనిచేస్తుంది" అని రాసి అతనికే ఇచ్చాను. డాష్‌బోర్డులో పెట్టుకున్నాడు.