పాత పిస్టలే కొనండి, సీలు పోయినదైతే మరీ మంచిది

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకోవాలనుకునే ఉస్మానియా యూనివర్సిటీ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. చేతిలో ఉన్న డబ్బుకు చవకలో కొత్తది కొనాలా, ఎవరో షూటర్ వాడి పక్కన పెట్టిన పాత జర్మన్ పిస్టల్ తీసుకోవాలా? నా జవాబు పాతదే. అందులోనూ స్ప్రింగ్‌తో పనిచేసేది, పక్కనున్న లీవర్ లాగి ఎక్కించేది. దాని పిస్టన్ సీలు అరిగిపోయి ఉంటే బేరమాడి మరీ తీసుకోండి. ఈ మాట అంటే తార్నాకలో ముక్కు విరిచేవాళ్లు చాలామందే ఉన్నారు. విరవనివ్వండి.

ఒక సంగతి ముందే తేల్చేద్దాం. నేను చెప్పేది మందుగుండు పిస్టల్ గురించి కాదు. పాత వెబ్లీనా, మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ కొత్త .32నా అన్న లెక్కలు లైసెన్సు ఉన్నవాళ్లవి. 2019 సవరణ తర్వాత వాళ్లకు కూడా మూడు ఆయుధాల పరిమితి రెండుకు తగ్గింది. చదువుకునే పిల్లలకు ఆ దారి వద్దే వద్దు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ మించని బలం ఉన్న ఎయిర్ పిస్టల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే పిస్టల్ బలం అందులో సగం కూడా ఉండదు. అయినా దాన్ని హాస్టల్ గదికి తేకండి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగాలన్న ఆలోచనే రానివ్వకండి. దూరం నుంచి చూసేవాళ్లకు అది గాలితో పనిచేసేదో, గుండు పేల్చేదో తెలియదు. తార్నాక నుంచి రాయదుర్గం దాకా రైలు మారకుండా మెట్రోలో వెళ్లొచ్చు, అక్కణ్నుంచి గచ్చిబౌలి రేంజ్ ఎంతో దూరం లేదు. కానీ పిస్టల్ బ్యాగులో ఉంటే మెట్రో స్కానర్ దగ్గరే ఆపేస్తారు. రేంజ్‌లోనే భద్రపరిచే వీలుందేమో ముందు కనుక్కోండి. లేకపోతే తాళం వేసిన పెట్టెలో, సొంత బండి మీద.

ఇక అసలు విషయం. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత షూటింగ్‌లో పిల్లలను బాగా పాడుచేసింది. 1960ల నడుమ ఓబెర్న్‌డార్ఫ్ ఊళ్లో తయారైన ఫైన్‌వెర్క్‌బావ్ 65ను ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. ఎడమ పక్క పొడవాటి లీవర్. అది వెనక్కి లాగితే లోపలి స్ప్రింగ్ నొక్కుకుంటుంది. పెల్లెట్ పెట్టి, లీవర్ మూసి, కాల్చగానే పిస్టన్ ముందుకు దూకుతుంది. అదే క్షణంలో బ్యారెల్‌తో సహా పైభాగమంతా సన్నటి పట్టాల మీద వెనక్కి జారుతుంది. అందువల్ల ఆ కుదుపు చేతిదాకా రాదు. కంప్యూటర్లతో డిజైన్ చేసే కాలం రాకముందే చేసిన పని అది. ట్రిగ్గర్ దగ్గర చిన్న మీట ఉంటుంది. ఒకవైపు తిప్పితే 500 గ్రాములు, ఇంకోవైపు తిప్పితే 1360 గ్రాములు. ఇప్పటి అంతర్జాతీయ నియమం కూడా 500 గ్రాముల కన్నా తక్కువ ట్రిగ్గర్‌ను ఒప్పుకోదు. మొత్తం బరువు 1500 గ్రాములు మించకూడదు, 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ఆ ముసలి పిస్టల్ ఈ కొలతలన్నిటికీ ఈ రోజుకీ నిలుస్తుంది.

చవక కొత్తదాంతో నాకున్న పేచీ ఏమిటంటే, అది మీ తప్పును మీకు సరిగా చూపించదు. గ్రిప్ అందరి చేతికీ సరిపోయేలా చేశామంటారు, అంటే ఎవరి చేతికీ పూర్తిగా సరిపోదు. ట్రిగ్గర్ ఒక రోజు ఒకలా, మర్నాడు ఇంకోలా ఉంటుంది. పదికి బదులు ఎనిమిది పడితే చెయ్యి తప్పా, పిస్టల్ తప్పా అని మీరు ఏడాదంతా వాదించుకుంటూ కూర్చుంటారు. పాత పోటీ పిస్టల్ దగ్గర ఆ వాదన ఉండదు. తప్పు మీదే.

ఆ తప్పు ఎంత చిన్నదో లెక్కతో చూడండి. టార్గెట్‌లో పది వృత్తం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు. వృత్తానికీ వృత్తానికీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. పిస్టల్ మీద ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య సుమారు 30 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు సైట్ వెనక గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో పెల్లెట్ 33 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పది పడాల్సింది ఆరులోనో ఏడులోనో పడుతుంది. అదే చెయ్యి మొత్తం, సైట్లు చెదరకుండా, ఐదు మిల్లీమీటర్లు పక్కకు ఊగినా పెల్లెట్ కూడా అంతే జరుగుతుంది, పది చెక్కుచెదరదు. ఇది తెలిసిన పిల్లవాడు చెయ్యి వణుకుతోందని ఏడవడు, సైట్లు చూసుకుంటాడు. ఈ చూపు నేర్పడానికి స్ప్రింగ్ పిస్టల్‌ను మించిన గురువు లేడు. కాల్చిన తర్వాత కూడా అది ఒక క్షణం లోపల కదులుతూనే ఉంటుంది. పెల్లెట్ నింపాదిగా, సెకనుకు 150 మీటర్ల లోపు వేగంతో బయటికి పోతుంది. ఈలోగా మీరు చెయ్యి దించేశారంటే కథ ముగిసినట్టే. అందుకే కాల్చాక రెండు సెకన్లు అలాగే నిలబడడం దానంతటదే అలవాటవుతుంది.

కోచ్‌ని అడగొద్దు. ఈ మాటకు కోపం వస్తుందని తెలుసు, అయినా అంటాను. కోచ్ చూసేది వచ్చే ఆరు నెలల స్కోరు, వచ్చే మావలంకర్ షూటింగ్ పోటీ. ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయిందని చూపించి, మీ పిల్లకూ మంచి కంప్రెస్డ్ ఎయిర్ పిస్టల్ కొనమని అమ్మానాన్నల చేత లక్ష దాటించి ఖర్చు పెట్టిస్తారు. ఆ అమ్మాయి ప్రతిభ వేరు, సాధన వేరు. అది పిస్టల్ ధరలో కలిపి అమ్మే వస్తువు కాదు. గగన్ నారంగ్ కూడా 1997లో వాళ్ల నాన్న ఇచ్చిన ఎయిర్ పిస్టల్‌తో బేగంపేట ఇంటి పెరట్లో సాధన మొదలుపెట్టాడు. 2012 లండన్‌లో రైఫిల్‌తో కాంస్యం తెచ్చాడు. (పెరడు సంగతి అప్పటిది. ఇప్పటి తార్నాక గోడల మధ్య పెరట్లో, డాబా మీద ఒక్క పెల్లెట్ కూడా కాల్చకండి.)

కొత్తదైతే మొరాయించదు అంటారా? 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ చేతిలో ఉన్నది చవకదీ కాదు, పాతదీ కాదు. క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ పాడై, బాగుచేయించుకునేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575తో 12వ స్థానంలో ఆగిపోయింది, ఫైనల్‌కు ఎనిమిది మందే. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె కాంస్యం గెలిచింది, అది ఆమె గుండెదిటవు. నేను పట్టుకున్న పాఠం మాత్రం వేరు. లోపల ఏముందో మీకు తెలియని పిస్టల్ మీది కాదు.

అందుకే సీలు పోయినది కొనమన్నాను. కొత్తదానికి వారంటీ ఉంటుంది. ఏ చిన్న తేడా వచ్చినా కొరియర్‌లో పంపేసి మూడు వారాలు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. సీలు పోయిన పాతదాన్ని కాల్చి చూడండి. మెత్తగా ‘టప్’ అనాల్సింది ‘టంగ్’మంటుంది, ఎందుకంటే ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా వెళ్లి లోపలి గోడను గుద్దుతోంది. పెల్లెట్లు కిందికి పడుతుంటాయి, ఒకచోట నిలవవు. ఈ చప్పుడు ఒకసారి చెవికి పట్టిందంటే జన్మలో ఏ పిస్టల్ జబ్బయినా మీరే కనిపెడతారు. విప్పడం మాత్రం ఒంటరిగా వద్దు. స్ప్రింగ్ నొక్కి పట్టే బిగింపు లేకుండా పిన్ను లాగితే అది నేరుగా మొహం మీదికి వస్తుంది. చేయి తిరిగినవాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో ముక్క తీసిన వరసలో గుడ్డ మీద పేర్చుకోండి. స్పేర్ పార్టులు దొరకవని భయపెడతారు. నిజమే, షాపులో దొరకవు. కొలత తీసుకుని లేత్ మిషన్ దగ్గర చేయించుకోండి. నెల పడుతుంది. ఆ నెల నీళ్లు నింపిన లీటరు సీసాను చాచిన చేత్తో పట్టుకుని నిలబడడం సాధన చెయ్యండి. ఎలాగూ స్ప్రింగ్ పిస్టల్‌ను పెల్లెట్ లేకుండా ఉత్తినే కాల్చకూడదు.

పాతది అన్నాను కదా అని పాత కంప్రెస్డ్ ఎయిర్ పిస్టల్ మాత్రం కొనకండి. దాని సిలిండర్‌లో గాలి 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. సిలిండర్ మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది, తయారీదారులు పదేళ్లే గడువు ఇస్తారు. అది దాటిందంటే పరికరాల తనిఖీలో వెనక్కి పంపుతారు, అది మీ ప్రాణానికీ మంచిదే. లీవర్ పిస్టల్‌కు ఏ గడువూ లేదు.

స్కోరు పడిపోతుంది, ఒప్పుకుంటాను. పోటీలో గంటం పావులో 60 షాట్లు, ప్రతి షాట్‌కూ లీవర్ లాగాలి. పక్క లేన్‌లో చవక కొత్తదాంతో కాల్చేవాడు మీకన్నా ముందే ముగించి, మీకన్నా పది పాయింట్లు ఎక్కువ తెచ్చుకుంటాడు. మొదటి ఏడాది అసలు పోటీకే వెళ్లకండి. రెండో ఏడాది వెళ్లినా బోర్డు చూడకండి. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టిన పిల్లలకు ఇది మరీ కష్టం. వాళ్లకు రెండు చేతులూ భుజమూ అలవాటు, ఇక్కడ ఒక్క చెయ్యే. వాళ్లు ఇంకో ఆరు నెలలు కలుపుకోవాలి.

తిరిగి అమ్మితే ఎంత వస్తుందని మాత్రం లెక్కెయ్యకండి. అమ్మే ఉద్దేశంతో కొన్న పిస్టల్‌ను ఎవరూ విప్పి చూడరు. కొన్న రోజున బ్యారెల్ తుడిచి, పట్టాల మీద ఒక్క చుక్క పలుచటి నూనె వెయ్యండి, అంతే. పిస్టన్ ముందు నూనె పోస్తే నొక్కుకున్న గాలి వేడికి అది అంటుకుని పొగ వస్తుంది, కొత్తగా వేయించిన సీలు మళ్లీ పోతుంది. మిగిలిన డబ్బుతో చదునైన తల ఉన్న పెల్లెట్లు ఒకే బ్యాచ్‌వి రెండు డబ్బాలు తీసుకోండి.